గులాబీ పువ్వులు గల్లీ తిరిగొచ్చిన సంగతి

ఈ కథ నాకు మొట్టమొదలు చెప్పింది మీ సుగుణమ్మమ్మనే, బిడ్డా. నవ్వకు. "అమ్మమ్మా, నువ్వు చేసిన గులాబీ పువ్వులు రాళ్ళ లెక్క ఉండేనంట, ఎవ్వరూ కొరకలేక గల్లీ అంత తిరిగి మల్ల నీ చేతికే వచ్చినయంట, నిజమేనా" అని అడిగినవ్ కదా. నీకెవరు చెప్పిండ్రు? సుగుణ. మీ అమ్మకెవరు చెప్పిండ్రు? సుగుణ. నాకెవరు చెప్పిండ్రు? ఆ సుగుణనే. నేను చేసిన పువ్వులు, నేను నిలబడ్డ జాగ, నా కండ్ల ముంగట అయిన సంగతి, అది తెచ్చి నాకే చెప్పింది, ఒక పెండ్లిల, బంతిల కూసున్నప్పుడు. "మాకొక వదిన ఉండె" అని షురూ చేసింది. ఆ వదినను నేనే. ఆమె పక్క విస్తరి కాడనే కూసొని పప్పు కలుపుకుంటున్న.

రికార్డు అయితుందా? జెర దగ్గర పెట్టు ఫోను. ఆ ఫ్యాను బంద్ చెయ్యి, దాని గొంతు నా గొంతు కన్న పెద్దగున్నది.

రేపు క్రిస్మస్ కూడికల మైకు నీ చేతికిస్తరంట. పాత ముచ్చట్లు చెప్పి అందరిని నవ్విస్తవంట. అందుల మొట్టమొదటి ముచ్చట నా పువ్వులదంట. సుగుణ ముందు వరుసల కూసుంటది. ఆమెకు ముందు వరుస ఎవరు రాసిచ్చిండ్రో నాకు తెల్వదు కని, ఎప్పుడూ ఆడనే కూసుంటది. నేను గోడ పక్కకు కూసుంట, మోకాళ్ళ తక్లీఫు. సంఘం అంత తిరిగి నన్ను చూసి నవ్వాలె. పిల్లలు, కొత్త కోడండ్లు, నన్నెన్నడు ఎరగనోళ్ళు సుత. వాళ్ళకు నేనంటే ఏంది మల్ల? రాళ్ళు కాల్చిన ముసల్ది. అంతే కదా? అందుకే చెప్తున్న. రేపు నువ్వు ఏది చెప్తే అదే నిలబడ్తది. సుగుణ చెప్పిందా, నేను చెప్పిందా, రెండూ విని చెప్పు.

సుగుణ చెడ్డది అని నేను అనను. రాసుకో. మీ తాతకు సొంత చెల్లె, నాకు ఆడిబిడ్డ. మిషన్ మీద జాకెట్లు కుట్టేది, మంచిగనే కుట్టేది, నా జాకెట్ల చేతులు తప్ప. నా చేతులు ఎప్పుడూ బిర్రుగనే కుట్టింది. మా గల్లీ టీచరమ్మ జాకెట్ చేతులు మాత్రం ఎంత బాగ కూసునేవి! పోనీ తియ్యి. జాకెట్ల కథ కాదు కదా ఇది.

మేము బన్సీలాల్‌పేట్ల ఉండేవాళ్ళం అప్పుడు. మీ అమ్మ లంగా జాకెట్ ఏసుకునే వయసు. గల్లీ ఎంత అంటే, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఎవలింట్లకన్న పోవాలె. క్రిస్టియన్ల ఇండ్లు కొన్ని, హిందువుల ఇండ్లు ఎక్కువ. డిసెంబర్ నెల వచ్చిందంటే మీ తాత సున్నం డబ్బా తీసేటోడు. నీలిమందు ఎంత కలపాలె అనేది నేను చెప్పాలె, లేకుంటే ఇల్లంత మబ్బు పట్టినట్టు చేస్తడు. ఇగ స్టార్. మీరు ఇప్పుడు డబ్బాల కొంటున్నరు కదా, ప్లగ్గు పెడితే ఏడు రంగులు కొట్టుకుంటది, గుండె జబ్బు ఉన్నోళ్ళు చూడొద్దు దాన్ని. మాది వెదురు బద్దలది. మీ తాత పతంగుల దుకాణం కాడికెల్లి బద్దలు తెచ్చి కడితే, ఎర్ర గ్లేజ్ కాగితం నేను అంటిచ్చేదాన్ని, మైదా ఉడకబెట్టిన జిగురుతోని. లోపల ఒక్కటే బల్బు. ఆ వెలుగుల ఎదురింటి గోడ సుత ఎర్రగయ్యేది. సుగుణ వాళ్ళది సుత ఉండె స్టార్, నేనెందుకు లేదంట. ఐదు మూలలల్ల ఒకటి వంగుండె. అదే చెప్పిన ఆ ఏడు, వంగింది సుగుణా అని. మంచికే చెప్పిన. ఆమె మనసుల పెట్టుకున్నది. కొందరు గట్ల ఉంటరు, ప్రతిదీ మనసుల పెట్టుకుంటరు.

చెట్టు అంటే సరుగుడు కొమ్మ. బొల్లారం దిక్కుకెల్లి సైకిల్ మీద తెచ్చేటోళ్ళు. కొమ్మ మీద దూది పెట్టేది, మంచు అన్నట్టు. సికింద్రాబాద్ల మంచు ఎవడు చూసిండు బిడ్డా? చూడకున్నా మేము పెట్టినం. మీరు సుత పెడుతున్నరు, స్ప్రే కొట్టి.

సరే, పువ్వులు. గులాబీ పువ్వులు అంటే ఇప్పుడు బేకరీల ప్యాకెట్ల అమ్ముతున్నయ్ చూడు, అవి కావు. అవి మైదావి. మేము బియ్యం నానబోసి, ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెర, జెరన్ని నువ్వులు. అచ్చు మొదలు నూనెల కాగాలె. కాగిన అచ్చు పిండిల పెడితే సుయ్ అనాలె. సుయ్ అనకుంటే అది ఇంక కాగలే అన్నట్టు. పిండిల నిండ ముంచొద్దు, అంచు మునిగిందో, పువ్వు అచ్చును ఇడిసిపెట్టది, ఇగ కత్తితోని గీకాలె, ఇల్లు కాలినట్టు వాసన. నా అచ్చు మా అమ్మ ఇచ్చింది. ఇనుపది. ఒకనాడు తోముతుంటే చేతులకెల్లి జారి బండ మీద పడ్డది, ఒక రేకు లోపలికి వంగింది. అప్పటికెల్లి నా ప్రతి పువ్వుకు ఒక రేకు పొట్టిది. లోకంల ఎన్ని పువ్వులున్నా నా పువ్వు నాకు తెలుస్తది. నాకు చదువు రాదు, బైబిల్ల నా పేరున్న ఎస్తేరు పేజీ ఒక్కటే గుర్తుపడ్త. కని పువ్వు మాత్రం చీకట్ల తడిమి చెప్త.

ఆ ఏడు నేనొక పని చేసిన. ఎప్పుడూ పళ్ళెంల పెట్టి పైన బట్ట కప్పి పంపేది. ఆ ఏడు యాదమ్మకు మాత్రం బిస్కెట్ల రేకు డబ్బాల పెట్టిన. యాదమ్మ మా పక్కిల్లు, పూలు అల్లి అమ్మేది, బతుకమ్మకు ఆమె పేర్చినట్టు గల్లీల ఎవ్వరూ పేర్చకపోయేది. గంత చేతి పని ఉన్న మనిషికి ఊకె కుప్ప పోసి ఇస్తనా? గులాబీ రంగు కాగితం అంచులు కత్తిరిచ్చి, డబ్బాల పరిచి, పువ్వులు గుండ్రంగ ఒకదాని మీద ఒకటి ఆనేటట్టు, నడుమ ఒక్కటి నిలబెట్టిన. నేనే చేసి నేనే జెరసేపు చూసుకుంట కూసున్న. మీ తాత అన్నడు, "ఇస్తవా, ఫోటో దింపిచ్చి గోడకు పెడ్తవా?" అని. ఇచ్చిన. క్రిస్మస్ పొద్దుగాల, గుడికెల్లి రాంగనే, కొత్త చీర మీదనే పోయి ఇచ్చిన. యాదమ్మ మూత తీసి, "అయ్యో అక్కా!" అన్నది. గంతే. నాకు గది సాలు.

ఇగ రెండు దినాలకు గల్లీ అంత కలిసి కాప్రా చెరువుకు పోవుడు. ఏటా పోయేది గట్ల. క్రిస్టియన్లు, హిందువులు అని లేదు, ఎవరికి పని లేకుంటే వాళ్ళు. కాప్రా అంటే అప్పుడు ఊరవతల అన్నట్టు, బస్సు దిగి నడవాలె. ఇప్పుడు నేనుంటున్నది ఆ చెరువు పక్కనే, మీ ఇంట్ల, నాలుగో అంతస్తుల. అప్పుడెవరన్న చెప్తే నమ్మకపోదును. బగారన్నం గిన్నె ఇద్దరు మోసుకొచ్చేటోళ్ళు, చికెన్ కూర ఇంకో గిన్నెల, ఉడకబెట్టిన కోడిగుడ్లు సంచిల. పిల్లలకు మిర్చి బజ్జీలు. టీచరమ్మ చాప తెచ్చుకునేది, ఆమె ఒక్కతే చాప మీద కూసునేది, మేము కింద. ఎవరూ ఏమనకపోయేది, ఎందుకంటే మా గల్లీ పిల్లలకు అందరికి ఊకెనే చదువు చెప్పింది ఆమె. ఆమె చీర మీద మట్టి పడితే మాకే బాధ.

తిన్నం. నీళ్ళు తాగినం. అప్పుడు సుగుణ సంచిలకెల్లి ఒక డబ్బా తీసింది. బిస్కెట్ల డబ్బా. గసుంటి డబ్బా గల్లీల ప్రతి ఇంట్ల ఉండె, సూదులు దారాలు పెట్టుకోనీకి. నేను గుర్తుపట్టలే.

"వదినా, ఇవి నీకోసం ఆపిన. ఇంట్ల ఎవ్వరిని ముట్టనియ్యలే. తీసుకో," అన్నది. అంత ప్రేమ నా మీద ఎన్నడు లేదు. నాకే అనుమానం వచ్చింది.

మూత తీసింది. గులాబీ రంగు కాగితం. గుండ్రంగ పువ్వులు. నడుమ ఒక్కటి నిలబడ్డది. అన్నిటికి ఒక రేకు పొట్టిది.

"ఎవరు చేసిండ్రు సుగుణా ఇవి?" అన్న.

"టీచరమ్మ ఇచ్చింది. పండుగ ముందు రోజు జాకెట్ కుట్టిచ్చిన కదా, అర్జెంటుగ. అందుకు."

టీచరమ్మ చాప మీదికెల్లి, "నేను చేయలేదమ్మా, నాకా ఓపిక ఎక్కడిది? యాదమ్మ తెచ్చిచ్చింది, పాపకు ట్యూషన్ చెప్పానని," అన్నది.

అందరూ యాదమ్మను చూసిండ్రు. యాదమ్మ చెరువు దిక్కు చూసింది. కొంగలు ఉండె ఆడ.

నేను నోరు ఆపుకోవాల్సి ఉండె. ఆపుకోలే. "ఇవి నావి" అన్న.

పిల్లలు బజ్జీలు తినుడు ఆపిండ్రు. జెరసేపు గట్లనే ఆగుంటే ఏమన్న మంచిగ అయ్యేదేమో. ఆగుతదా సుగుణ? ఆమెకు పరేషాన్ అయింది, నాకు నావే తెచ్చి పెట్టినందుకు. ఆ సిగ్గు దాచుకోనీకి నవ్వింది, ఇగ నవ్వుకుంట అన్నది, "అంటే ఎవ్వరూ తినలే అన్నట్టు! ఎందుకు తింటరు వదినా, రాళ్ళు కాల్చినవా ఏంది? గోడకు మేకు కొట్టనీకి ఉంచుకుందాం!"

నవ్విండ్రు. ఒక్కరు కాదు, అందరు. మీ తాత సుత నవ్విండు. ప్రభువు ఆయన ఆత్మకు శాంతి ఇయ్యాలె, కని నవ్విండు. నేను లెక్కలకెల్లి తీసేయలే ఆ నవ్వు.

నేను ఏం చేసిన? అందరూ చూస్తుంటే డబ్బాలకెల్లి ఒకటి తీసి, నోట్ల పెట్టుకొని కొరికిన. కరకర అని సప్పుడు వస్తది, అందరికి వినబడ్తది, సుగుణ నోరు మూతపడ్తది అని. కొరికినంక...

నీళ్ళియ్యి బిడ్డా.

సప్పుడు రాలే. మెత్తగున్నది. తడిసిన అట్టముక్క లెక్క. పండ్ల నడుమ వంగింది, ఇరగలే. రాయి ఏడిది? పత్తి. నేను మింగిన, కడుపుల పడ్డదాక ముఖం కదలియ్యలే. "మంచిగనే ఉన్నది" అన్న. నవ్వు ఇంక పెద్దగయింది. అప్పుడు నేనేమనాలె చెప్పు? "సుగుణా, నువ్వు అబద్ధం చెప్పినవ్, ఇవి గట్టిగ లేవు, మెత్తబడ్డయి" అనాల్నా? పువ్వు గట్టిగుంటే చెయ్యి జెర బరువన్నట్టు. మెత్తబడితే చేసుడే రాదన్నట్టు. పువ్వు గట్టిగున్నా పువ్వే. మెత్తటి పువ్వు పువ్వా? అందుకే రాయి అంటే రాయే అనిపిచ్చుకున్న. ఇన్నేండ్లు అనిపిచ్చుకున్న.

వాపస్ వచ్చేటప్పుడు అందరూ ఇరానీ హోటల్ కాడ ఆగిండ్రు, చాయ్, ఉస్మానియా బిస్కెట్. నేను చాయ్ తాగలే. బయట నిలబడ్డ. మీ అమ్మ ఒక బిస్కెట్ తెచ్చిచ్చింది, అది తిన్న. దాని మీద నాకేం కోపం లేదు కదా.

దాని తర్వాత యాదమ్మతోని మాట బంద్. సుగుణతోని మాట ఉన్నది, ఇంటి మనిషి కదా, తప్పదు. కని సుగుణ ఇంటికి పువ్వులు మాత్రం పంపలే. అరిసెలు పంపిన. అరిసెలు మెత్తగనే ఉండాలె, ఎవ్వరు ఏమనలేరు. ఆమె తెలివి తక్కువది కాదు, "ఈ ఏడు సుత అరిసెలేనా వదినా, అచ్చు కమ్మరోనికి ఇచ్చినవా?" అని అడిగేది. ప్రతి పెండ్లిల, ప్రతి పుట్టిన్రోజుల కథ చెప్పేది. చెప్పంగ చెప్పంగ కథ సుత లావయింది. టీచరమ్మ పన్ను ఇరిగింది అని కలిపింది ఒకసారి. టీచరమ్మ పోయింది, పాపం, ఇరగలే అని చెప్పనీకి లేదు. చెరువుల ఏస్తే మునిగిపోయినయ్ అని ఇంకోసారి. చెరువుల ఎవరేసిండ్రు? డబ్బా నేను ఇంటికి తెచ్చుకున్న. మీ తాతకు పెట్టిన. చాయ్‌ల ముంచి తిన్నడు, మాట్లాడకుంట. మంచి మనిషి.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం నువ్వు నన్ను బాయి చూపెడ్త అని తీసుకపోయినవ్ కదా, బన్సీలాల్‌పేట్ మెట్ల బాయి. మేము ఉన్నన్ని దినాలు అది చెత్తకుప్ప, ముక్కు మూసుకొని పోయేది పక్కకెల్లి. ఇప్పుడేమో లైట్లు, మెట్లు, నీళ్ళు, జనాలు ఫోన్లు పట్టుకొని. చూడముచ్చటగున్నది, కాదనను. నువ్వు ఫోటోలు దింపుతుంటే నేను ఆ రాతి అరుగు మీద కూసున్న. పక్కల ఒక ముసలామె కూసున్నది. జెరసేపు నన్ను చూసింది. నేను సుత చూసిన. చేతులు చూసిన నేను, కాయలు కాసిన వేళ్ళ చివర్లు. పూలు అల్లి అల్లి అట్లయితయ్.

"ఎస్తేరక్కా?" అన్నది.

నేను పలకొద్దు అనుకున్న. పలికిన. గంత దూరం నడిచి అలిసిపోయున్న, కోపం చేసే ఓపిక లేదు.

ఆమె ఏడ్చింది. నేను ఏడ్వలే. "అక్కా, ఆ డబ్బా ఎందుకిచ్చిననో నన్ను ఒక్కసారన్న అడగలే నువ్వు," అన్నది. "ఏమడగాలె, నీకు నచ్చలే, ఇచ్చేసినవ్," అన్న. "నచ్చక కాదు," అన్నది. "ఇంట్ల అందరం మూత తీసి చూసినం. పిల్లలు అడిగిండ్రు, నేను చెయ్యి కొట్టిన. ఒక్కటి తీస్తే ఆ వరుస అంత చెడుతది. గట్ల పేర్చినవ్. మా ఇంట్ల ఉంచుకునే సొగసా అది? టీచరమ్మ మా పిల్లకు ఊకె చదువు చెప్తున్నది, ఆమెకియ్యనీకి నా ఇంట్ల ఏమున్నది? గంత మంచిది ఎన్నడు లేకుండె. అందుకిచ్చిన. ఒక్కటి సుత ముట్టలే అక్కా."

నువ్వు అప్పుడే వచ్చినవ్, "అమ్మమ్మా, సెల్ఫీ" అనుకుంట. ఆ ఫోటోల ఇద్దరం చెడ్డగ పడ్డం, చూసిన.

అప్పటికెల్లి నాకు ఒకటే ఆలోచన. యాదమ్మ ముట్టలే. టీచరమ్మ ముట్టినట్టు లేదు, డబ్బా నేను పేర్చినట్టే వచ్చింది సుగుణ ఇంటికి. సుగుణ తన నోటితోని చెప్పింది చెరువు కాడ, ఇంట్ల ఎవ్వరిని ముట్టనియ్యలే అని. నడుమ నిలబెట్టిన పువ్వు నిలబడ్డట్టే ఉండె. మరి ఒక్కరు కొరకలే కదా! ముట్టని దాన్ని రాయి అని ఎట్ల చెప్పింది?

మెత్తగ ఎందుకయింది అంటవా? అది సుత ఇప్పుడే తెల్సింది నాకు. యాదమ్మ ఇంట్ల మూత తీసుడు, చూసుడు, మురిసుడు, మూత పెట్టుడు. టీచరమ్మ ఇంట్ల గదే. సుగుణ ఇంట్ల గదే. పైనకెల్లి చెరువు గాలి. తినాల్సినదాన్ని అందరూ చూసుకుంట కూసున్నరు బిడ్డా. చూసి చూసి మెత్తబెట్టిండ్రు. నా చేతిది కాదు ఆ తప్పు. మురిపానిది.

రేపు అదే చెప్పు. కథ చెప్పొద్దు అంటలేను. చెప్పు, నవ్వనియ్యి. మెత్తబడ్డయి అని సుత చెప్పు, దాచకు, ప్రభువు మందిరంల సగం నిజం వద్దు. నా ముఖం నేను చూసుకుంట. కని రాయి అన్నది అబద్ధం అని చెప్పు. ముగ్గురు ఆడోళ్ళు తినక ఇచ్చిండ్రు, తమ కన్న ఎక్కువ అనుకున్నోళ్ళకు ఇచ్చిండ్రు అని చెప్పు. ఆ ముగ్గురిల సుగుణ సుత ఉన్నది. ఆమె నాకే తెచ్చిచ్చింది. అది సుత చెప్పు... ఆ మాట జెర మెల్లగ చెప్పు, ఆమెకు తల ఎక్కుతది.

యాదమ్మను సుత పిలువు. ఆటో పంపు. గోడ పక్కకు నా కుర్చీ కాడ ఇంకో కుర్చీ ఎయ్యి.

ప్రభువు నిన్ను సల్లగ చూడాలె బిడ్డా, నీ గొంతు మైకుల మంచిగ పలకాలె, నీ చెయ్యి అచ్చు పట్టినప్పుడు కాలొద్దు. ఇగ పో. ఆగు, ఒక్కటి. రేపు నువ్వు చెప్పినంక సుగుణ ముందు వరుసలకెల్లి కాదు కాదు అంటది, నాకు ఎరుక. అన్నదో, నువ్వేం జవాబియ్యకు. మైకు ఆమె చేతికియ్యి. లేచి నిలబడి అందరి ముంగట చెప్పుమను, నా పువ్వు ఏ పంటితోని కొరికిందో.